విప్పేటందుకు చేయని కుర్చీ

చిన్న కథే. తార్నాకలో వడ్ల రాజలింగు ఉమాపతి సారుకు ఒక కుర్చీ చేసిచ్చాడు, అంతే. చాయ్ చల్లారేలోపు అయిపోతుంది. కాకపోతే లచ్చవ్వ హోటల్లో చాయ్ చల్లారదు, ఎందుకంటే అది వేడిగా రాదు. ఆ మాట ఆమె ముందర అన్నవాళ్లు ఇప్పుడు నల్లకుంట దాకా పోయి తాగుతున్నారు.

అది పంతొమ్మిది వందల అరవై ఎనిమిది. యూనివర్సిటీ హాస్టళ్లకు ఇనప మడత కుర్చీలు లారీలకొద్దీ దిగిన ఏడు. ఒకటి విరిగితే మూలకు విసిరేసి ఇంకొకటి తెచ్చుకునేవారు. రాజలింగు పద్ధతి వేరు. కుర్చీ అడిగిన మనిషిని ముందు రంపపు పొట్టు కుప్ప మీద కూర్చోబెట్టేవాడు. లేచాక పడిన గుంటను చూసి చెక్క మలిచేవాడు. ఇవాళ తిండి ఎక్కువైనట్టుంది, రేపు రమ్మనేవాడు. భార్య పోయినప్పటి నుంచి అలా వచ్చిపోయేవాళ్లతోనే అతను మాట్లాడేది. ఆ ఏడు పొట్టు మీద పిల్లి తప్ప ఎవరూ కూర్చోలేదు.

అందుకే, క్వార్టర్‌కు కొత్తగా వచ్చిన ఉమాపతి సారు కుర్చీలు కొనాలంటున్నాడని వినగానే, లచ్చవ్వ హోటల్లో రాజలింగు ఆయన బెంచీ మీదికి జరిగి గొంతు పెంచాడు.

హాస్టల్ వార్డెన్‌కు తాను చేసిన టేకు కుర్చీ ఇన్నేండ్లలో కిర్రుమనలేదన్నాడు. ఎవరూ కాదనలేదు, అది నిజమే. కాదనకపోవడం అతనికి నచ్చలేదు. ఆ కుర్చీని పోరగాండ్లు మేడ మీద నుంచి పడేస్తే కింద బండ పగిలిందట. మిలిటరీ లారీ వచ్చి గుద్దితే లారీని తోసుకుంటూ తీసుకుపోయారట, వార్డెన్ మాత్రం అందులో నిద్ర లేవలేదట.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా సారూ?"

సారు ఎరుక లేదన్నాడు. మాణికేశ్వర్ నగర్ నాలా పొంగి, వార్డెన్‌తో సహా కుర్చీ అంబర్‌పేట్ దాకా కొట్టుకుపోయి, మళ్లీ ఎదురీది వచ్చిందట.

"కుర్చీ ఈదుతదా?" అన్నాడు హాస్టల్లో గంట కొట్టే సామేలు.

"నాలుగు కాళ్లున్నయి గద."

చివరికి వార్డెన్‌కు కాలం తీరిందట. యమదూతలు ఇద్దరొచ్చి చేతులు పట్టి గుంజితే మనిషి ఊడి రాలేదట. పొట్టు కొలతతో చేసిన కుర్చీ, ఎక్కడా సందు లేదు మరి. పొద్దంతా గుంజి గుంజి, చెమటలు తుడుచుకుంటూ, దారి అడుక్కుంటూ రాజలింగు దుకాణానికొచ్చారట, జర విప్పిపెట్టమని.

"కూసోబెట్టి చాయ్ పోయించిన. మస్తు ముచ్చట పెట్టిన్రు. ఆఖరికి చెప్పిన, నేను విప్పేటందుకు చేయలే, పోయి రాండ్రి అని."

అందరూ నవ్వారు. లచ్చవ్వ నవ్వలేదు. గ్లాసులు కడుక్కుంటూ అడిగింది.

"వాళ్లు గాక ఈ ఏడు నీ దుకాణానికి ఇంకెవరన్న వచ్చిన్రా అన్నా?"

సామేలు సాయం చేయబోయి, అంత గట్టిగ చేస్తే మళ్లెందుకొస్తరు అన్నాడు. రాజలింగు గ్లాసులోకి చూశాడు. ఖాళీగా ఉంది. అయినా ఎత్తి తాగాడు.

ఉమాపతి సారు అప్పుడు, నాకొకటి చేయమన్నాడు. రమ్మన్నప్పుడల్లా వచ్చి పొట్టు మీద కూర్చున్నాడు. కొలత మొదటిసారే కుదిరింది. రాజలింగు కుదరలేదన్నాడు. సాకులన్నీ అయిపోయాక కుర్చీ ఇవ్వక తప్పలేదు. మంచి టేకు, చేతికి నునుపు. ఒక్క కాలికి మాత్రం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చీల కొట్టకుండా వదిలేశాడు. కొన్నాళ్లకు ఊగుతుంది, బాగు చేయించుకోవడానికి సారు వస్తాడని. దుకాణంలో రెండో పీట తుడిచి పెట్టాడు.

కుర్చీ ఊగింది. సారు సిగరెట్ పెట్టె అట్ట మడిచి ఆ కాలి కింద పెట్టాడు. మళ్లీ ఊగలేదు.