మా ఊర్లో నల్లమందు తినేవాళ్ళు లేరు

ఏమప్పా శ్రీధరా, పొద్దున్నించి ఆ లావు పుస్తకంలో తల దూర్చినావు, ఏముండాది దాంట్లో? ఓహో, మత్తుమందుల మీద సర్కారోళ్ళు రాసిన వరదినా, అదే రిపోర్టా? దేశంలో ఎంతమంది తింటాండారో లెక్క గూడా రాసినారా? ఎవురిని అడిగి రాసినారంట? నవ్వుతాండానని ఏమనుకోవాకు. మా ఊరు పరగోడుకు గూడా ఒకసారి ఇట్లనే వచ్చి రాసుకోని పోయినారు. అప్పుడు ఊరికి పటేలు వెంకటరాయప్ప. నువ్వు యాడ చూసింటావులే, మీ నాయనే పుట్టలేదు. తలకు జరీ రుమాలు, చేతిలో వెండిపొన్ను కట్టె. ఆయప్పకంటే ముందర ఆయప్ప మీసాలు వచ్చేవి వీధిలోకి.

ఆ కాలంలో నల్లమందు బాగేపల్లి అంగట్లో అమ్మేవాళ్ళు, సర్కారు అనుమతి ఉండే అంగడే. పెద్ద యుద్ధం మొదలైన ఏడాది. బెంగళూరునించి ఒక అధికారి వస్తాడని తాలూకా అమల్దారు కబురు చేసినాడు. ఊరూరా ఎవురెవురు తింటాండారో చూసి వరది రాస్తాడంట, జబ్బుతో తినేవాళ్ళకు చీటీ ఇస్తాడంట. చీటీ ఉంటేనే ఇంకమీద అంగట్లో మందు. బాగుండే మాటే గదా? మా పటేలుకు ఆ చీటీ సంగతి తలకెక్కితే గదా! ఊరి గురించి అడుగుతారంట అనేది ఒకటే పట్టుకున్నాడు. ఇల్లిల్లూ తిరిగినాడు. నల్లమందు ఊరని పేరు పడితే మన పిల్లోళ్ళకు పిల్లనిచ్చేదెవురు, ఎవురూ నోరు తెరవాకండి, అడిగితే పక్కూరోళ్ళు తింటారని చెప్పండి అని. చెప్పేదెవురప్పా? ఊర్లో అందరికంటే పెద్ద గుళిక మింగేది ఆయప్పే. మధ్యాన్నం దాటితే ఆవులింతలు, కండ్లెంబడి నీళ్ళు. లోపలికి పోయి తలుపేసుకుంటాడు, బయటికొస్తే కొత్త పెండ్లికొడుకు. ఆయప్ప పెండ్లాం అది దగ్గుమందు అనేది. ఆయప్ప దగ్గంగా నేనైతే ఒక దినమూ వినలేదు.

మా పెద్దమ్మ ఉండె, హనుమక్క, మా అమ్మకు అక్క. మొగుడు పోయినాక మా ఇంట్లోనే ఉండేది, నన్ను ఎత్తి పెంచింది ఆయమ్మే. రాగిముద్ద గెలికితే చేని గట్టు చివరున్నోడికి గూడా వాసన తెలిసేది... సర్లే, అది ఇప్పుడెందుకు. ఆయమ్మకు కడుపులో గడ్డ. చిక్కబళ్ళాపురం డాక్టరు చూసి, ఇంక చేసేదేమీ లేదని పంపించేసినాడు. మిరియమంత నల్లమందు వేసుకుంటేనే నిద్ర, అది లేకుంటే పండుకొనేదానికీ లేదు, కూచొనేదానికీ లేదు. అధికారి వచ్చిన దినం, నాకు చీటీ రాయించుకోవల్ల అని కట్టె పట్టుకొని బయల్దేరింది. వీధిలోనే పటేలు అడ్డం నిలబడినాడు. "అక్కా, నువ్వొక్కదానివి పోతే ఊరి మానమంతా పోతాది." ఎనక్కి తిరిగొచ్చింది మా పెద్దమ్మ. ఊరి మానమంట!

ఇంక ఆ అధికారి ఉండాడే, వానిదింకో రకం. చావిట్లో కుర్చీ వేసుకోని, తినేవాళ్ళు ఎవురైనా ఉంటే లెయ్యండి అన్నాడు, కన్నడంలో. నలుగురిలో ఎవుడు లేస్తాడప్పా? పటేలే లేసి చేతులు కట్టుకొని, మా ఊర్లో ఒక్కరూ లేరు సామీ, దాని వాసన గూడా తెలీదు అన్నాడు. అంతే, రాసుకున్నాడు. పటేలింట్లో ఓళిగలు తిన్నాడు, నెయ్యి ఇంకొంచెం వేయించుకున్నాడు, కారెక్కినాడు. ఒక్క ఇంటి గడప తొక్కలేదు. నెయ్యి బాగుండాదని గూడా వరదిలో రాసినాడో ఏమో.

తర్వాత నేను అంగడికి పోతే, చీటీ యాడ అన్నాడు అంగడాయన. లేదంటే నవ్వినాడు. "పరగోడులో తినేవాళ్ళే లేరంట గదప్పా!" అమల్దారు కచేరీకి పోయినా. వరది బెంగళూరికి పోయింది, రాసింది రాసిందే అన్నారు. మనది మహారాజు సీమ, కొడికొండకాడికి పోతే ఇంగ్లీషోళ్ళ సీమ, ఆడ దొంగగా దొరుకుతాదంట, మనకు తెలిసినోళ్ళు ఎవురుండారు? పటేలుకు ఉండారు. ఉన్నట్టుండి ఆ పక్క చుట్టాలు పుట్టుకొచ్చినారు ఆయప్పకు, బండి కట్టుకొని ఒకటే పోయేది, వచ్చేది. మా పెద్దమ్మ అరుస్తాంటే నాలుగిండ్ల అవతలికి వినపడేది. పటేలిల్లు మూడో ఇల్లు. కిటికీ మూసుకున్నాడు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతాదప్పా.

అట్ల ఎన్నాళ్ళో. ఒక సాయంత్రం వచ్చినాడు ఆయప్ప. మీసాలు వాలిపోయినాయి. తమలపాకులో ఏందో చుట్టి తెచ్చి, మంచం పక్కన చతికిలబడినాడు. ఆకు ఆయమ్మ చేతిలో పెట్టి, "అక్కా, ఇది యాడనించి వచ్చిందో ఎవురికీ చెప్పాకు" అన్నాడు. నేను ఆడనే ఉండా. ఆయమ్మ ఆకు విప్పి చూసింది. నోట్లో వేసుకోని, కండ్లు మూసుకోని, అంత నొప్పిలోనూ నవ్వింది. "చెప్పనులేప్పా. మన ఊర్లో తినేవాళ్ళు లేరు గదా. ఉండేది మనమిద్దరమే."

ఊ... లెయ్యప్పా, ఆ పుస్తకం అట్ల పెట్టు. పొద్దు గూకతాండాది, ఆవును లోపల కట్టాల.