కొండల్ కోడి పెట్టిన అక్షరాల గుడ్లు

లింగాల ఘనపూర్ వారపు అంగడిల యాకమ్మ చాయ డబ్బా కాడ ఆ పూట ఇసుకేస్తే రాలనంత మంది. వాళ్ల నడుమ ఒక కొత్త మనిషి కూసున్నడు. పేరు అమర్, పట్నంల ఏదో కంపెనీల పని. ఫోన్ల తెలుగు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటున్నది. అది ఎవల సొత్తు గాదు, ఎవలైనా ఊరికే వాడుకోవచ్చు, చేతనైనోళ్లు అండ్ల తప్పులు ఊరికే దిద్దొచ్చు. దాన్ని రెండేండ్ల సంది దిద్దుతున్న మనిషి సొంత పేరు పెట్టుకోక 'లింగాల ఘనపూర్' అని ఊరి పేరే పెట్టుకున్నరట. వాళ్లనే ఎతుక్కుంట వచ్చిండు.

"దొరికితే మా కంపెనీ నెలనెలా జీతమిస్తది. ఇంటికాడ కూసోని ఇదే పని చేసుకోవచ్చు," అన్నడు.

యాకమ్మ చేతిల గంటె ఆగింది. ఆ దిద్దే మనిషి ఆమె బిడ్డ ఉమారాణి. డబ్బా ఎనుక నల్లా కాడ గిలాసలు కడుగుతున్నది. సోమవారం సంది జనగామల చీరెల దుకాణంల పనికి పోవాలె. పోయిందంటే పొద్దుందాక నిలబడుడే, ఈ దిద్దుడు ఇగ లేనట్టే. చెప్పాలని యాకమ్మకు మాట నోటిదాక వచ్చింది. కని ఐదో తరగతితోని బడి మానిన మనిషి, పదిమంది మగోళ్ల నడుమ ఎన్నడు నోరు తెరువలే.

ఆమె గొంతు సవరించుకునే లోపట్నే, ఫోన్లకు గ్లాసులు అతికించే కొండల్ అందుకున్నడు.

"ఎతుకుడెందుకు అన్నా? నీ ముంగటనే ఉన్న గదా!"

"నువ్వా?" అన్నడు ముసలి పాపయ్య.

"పెద్ద పనేం గాదు బాపూ. నీ కంటి ఆపరేషన్‌కు ఆగస్టు తొమ్మిదికి రమ్మని దవాఖానోళ్లు అంకెలల్ల మెసేజ్ పెడితే, నీ ఫోను తారీఖును నెల జేసి, నెలను తారీఖు జేసి, సెప్టెంబర్ ఎనిమిది అని చదివె. నువ్వు నెల ఆలస్యంగ పోతివి. నాకు పాణం ఆగలే. ఒక్క లైను దిద్దిన, అంతే. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? కంపెనీల రెండు వందల మంది ఇంజనీర్లు ఏసీల కూసోని చలికి వణుకుకుంట దిద్దలేని లైను, నేను ఒక చేతిల మిర్చి బజ్జి పట్టుకోని దిద్దితి గదా, వాళ్లు పరేషానై లారెడు లాప్‌టాప్‌లు పంపిండ్రు. లారీ గిక్కడ్నే, గీ మూలమలుపు కాడ్నే ఆగింది. 'పైసలొద్దు, లారొద్దు, నేను ఊరికే చేసేటోన్ని' అని తిప్పి పంపిన."

"మేం సూడనే లేదు గదరా లారీని," అన్నది కూరగాయలమ్మే ఎల్లక్క.

"నువ్వు టమాటలు ఏరుకుంటున్నవక్కా. ఇగ ఇను. నేను టైపు కొట్టుడు కొట్టుడుకు బటన్ల మీద అచ్చరాలు పల్లికాయల లెక్క రాలినయ్. మా కోడి వాటిని ఏరుకోని తిన్నది. తెల్లారి గుడ్డు పెడ్తే దాని మీద ఏమున్నదనుకున్నవ్? 'అ'! ఆ ఎన్కదినం 'ఆ'! బడిపిల్లలకు గుడ్ల కూర వండి పెడితే, పలక పట్టకుండనే గుణింతాలు అప్పజెప్పిండ్రు. ఒక గుడ్డు పొదిగితే పుంజు పుట్టింది. పొద్దుగాల లేసి కొక్కొరొకో అనదు, తారీఖు జెప్తది, నెలతోని సహా! కొత్తగూడ అడవిల నెమళ్లు గూడ దాన్నిజూసి నేర్చుకున్నయట!"

జనం నవ్విండ్రు. అమర్ గూడ నవ్విండు, కని జేబులకెల్లి ఒక కాయితం తీసి, "మరి నీ పూర్తి పేరు చెప్పన్నా, రాసుకుంట," అన్నడు.

యాకమ్మ గంటె కింద పెట్టింది.

"కొండల్, ఒక్కటడుగుత బిడ్డా," అన్నది. గొంతు ఆమెకే ఇనిపించలేదు. మల్ల అన్నది. "గా దిద్దే మనిషి వారంల ఒక్క దినం దిద్దడు. ఏ దినం?"

"దిద్దని దినమేంది చిన్నమ్మా? దినం దప్పలే! నా పెండ్లిల తలంబ్రాలు పోసుకుంట గూడ ఎడమ చేత్తోని దిద్దిన!"

అమర్ ఫోను తెరిచిండు. ఆ సాఫ్ట్‌వేర్‌ల ఎవలు ఏ దినం ఏం దిద్దిండ్రో అంత రాసి ఉంటదట, ఎవలైనా సూడొచ్చట. వేలితోని కిందికి, ఇంకా కిందికి జరుపుకుంట పోయిండు.

"నిజమే. రెండేండ్ల సంది ఏ వారం సూసినా ఇదే దినం ఖాళీ. ఎందుకమ్మా?"

"ఇయ్యాల అంగడి గదా నాయినా," అన్నది యాకమ్మ. "గిలాసలు ఎవలు కడుగాలె మరి?"

అప్పుడే ఉమారాణి తడి చేతులతోని గిలాసల పళ్లెం పట్టుకోని వచ్చింది. అందరు తననే సూస్తుంటె ఏమైందో సమజ్ గాలే. అమర్ ముచ్చటంత చెప్పిండు. ఆమె తల్లి మొఖం దిక్కు సూసింది, పళ్లెం దించింది.

"జీతమిస్తే తీసుకుంట సార్. కని నేను దిద్దిందానికి మీ కంపెనీ తాళమెయ్యొద్దు. పాపయ్య తాత ఫోన్ల అది ఎప్పటికి ఊరికే పలుకాలె."

"తాళమేసుడు మా చేతుల లేదమ్మా. అది అందరిది," అన్నడు అమర్.

కొండల్ మెల్లగ లేస్తుండు. పాపయ్య చేతికర్ర అడ్డం పెట్టిండు.

"ఏడికిరా? ఊరికే చేసేటోన్ని అంటివి గదా. ఆ పిల్ల సారుతోని మాట్లాడుతున్నది. గిలాసలు ఇంకా ఉన్నయి."

యాకమ్మ సబ్బు ముక్క కొండల్ దిక్కు జరిపింది.