గూడ్సు బండి ముద్దలు

"పాపను మా అమ్మ దగ్గర వదిలి పనికి పోదునా మామా?" అని అడిగినావు గదా అమ్మణ్ణీ. కూర్చో, చెప్తా.

నాకూ అదే తిప్పలు వచ్చింది. నేనూ మీ అత్తా రేణిగుంటలో పనికి పోతా ఉంటిమి. మా పాప సుజాతకు రెండేండ్లు నిండంగానే పాకాలలో మా అమ్మ దగ్గర వదిలినాం. పిల్ల పుల్ల మాదిరి ఉండె. నా కంటే ముందు మా అమ్మకు ఒక ఆడబిడ్డ పుట్టి, కరువులో కూడు లేక కన్నుమూసిందంట. అందుకే సన్నటి బిడ్డను సూస్తే ఆమెకు గుండె దడ.

ఇల్లు రైలు పట్టాల ఎదురుగానే. అప్పుడంతా బొగ్గింజన్లు గదా, ఆరేసిన పంచెలన్నీ నల్లగా... సరే, అది వదిలెయ్. గూడ్సు బండి వచ్చి సిగ్నలు కోసం ఇంటి ముందరే నిలబడిపోతుండె. మా అమ్మ పళ్ళెం తీసుకోని గడప మింద కూర్చుంటాది. పెట్టెకొక ముద్ద. రాగి సంగటి, పప్పు, మింద నెయ్యి. "ఇంగొక పెట్టె ఉండాది, ఆ అను." ముప్ఫై పెట్టెలుంటే ముప్ఫై ముద్దలు. చిన్నవేలే, గోలీలంత. కాదు కాదు, నిమ్మకాయలంత.

ఏడాదిన్నరకు పుల్ల గుమ్మడికాయ అయింది. మాకూ సంతోషమే, అబద్ధమెందుకు. స్టేషన్లో పది పైసలేసి బరువు చీటీ తీసి, అందరికీ చూపిస్తా తిరిగినా. ఒక ఆదివారం అదే స్టేషన్లో వంతెన ఎక్కతా ఎక్కతా, నాలుగో మెట్టు కాడ పిల్ల ఆయాసంతో కూలబడింది. డాక్టరు సూసి, జబ్బేం లేదు, తిండి తగ్గించి ఆడుకోనియ్యండి అన్నాడు.

ఆ మాట మా అమ్మకు ఎవురు చెప్పాల? నేనే సుట్టూ తిప్పి చెప్పినా. ఆమె అంతా ఇని, పళ్ళెం కడిగి బోర్లించింది.

"కూడు లేక పోయిన బిడ్డను సూసినా రా. తిని పోయిన బిడ్డను యాడా సూళ్ళేదు."

రెండు వారాలు ఆ పక్కకు పోలేదు. మూడో ఆదివారం భయపడతానే పోయినా. గూడ్సు నిలబడుండాది. పిల్ల పట్టాల కంచె పక్కనే పెట్టెలు లెక్కపెడతా ఉరుకుతా ఉండాది, వెనకాలే కొంగు దోపుకోని మా అమ్మ. చేతిలో పళ్ళెం లేదు. నన్ను సూడకుండానే అనింది:

"గూడ్సుకు పరుగు. ముద్దలు పాసింజరుకే. దానికి ఎనిమిదే పెట్టెలు."

సుజాత ఇప్పుడు ఆ మెట్లు రెండేసి ఎక్కతాది. నాలుగో మెట్టు కాడ కూర్చునేది నేనే.

వదులు తల్లీ, మీ అమ్మ దగ్గరే వదులు. ఒక ముద్ద ఎక్కువ పెడితే కోప్పడబాక. యా బిడ్డను తల్సుకోని పెడతా ఉండాదో, ఏమో... మెల్లిగా చెప్పు. ఆమే దోవ కనుక్కుంటాది. నీ బిడ్డ సల్లంగా ఉండాల, బాగా ఉరకాల... అదో, పాసింజరు కూతేస్తా ఉండాది, ఇన్యావా?