మోడెమ్ కూత

గౌలిపుర మేడమీద గదిలో కొత్త దంపతులు ఫోను లైను మీద కూత పంపి కంప్యూటర్లను కలిపే మోడెమ్ ముందు చతికిలబడ్డారు. పన్నెండింటిలోపు కంచన్‌బాగ్ ఆఫీసు కంప్యూటరుతో లైను కలవకపోతే ఆదివారమైనా ఆయన డ్యూటీకి పోవాలి, మ్యాట్నీ లేనట్టే.

"ప్లగ్గు మంచిగ పెట్టిన్రా?" ఆమె అడిగింది.

"పెట్టిన."

"రిసీవర్‌ను మోడెమ్ గుంతల్ల సరిగ్గ పండబెట్టిన్రా?"

"మస్తు పండబెట్టిన. ఆఫీసు కూత ఇటు వస్తున్నది, మన కూతే అటు పోతలేదు."

ఆమె రిసీవర్ వైపు వంగింది.

"ఫోన్ల మాట్లాడే చిల్లులు మూసుకపోతే గిట్ల అయితదా?"

"ఎట్ల మూసుకపోతయి?"

"పొద్దున కొత్త మిషనని పూజ చేసిన. గంధం జర ఎక్కువ పూసిన."

"మోడెమ్‌కు పూస్తే ఫోనుకేమైతది?"

"ఫోనుకు గూడ పూసిన. రెండు కలిస్తేనే పనిచేస్తయని తెల్సు గద, ఫిజిక్స్‌ల ఫస్ట్ క్లాసు నేను!"

ఆయన పగలబడి నవ్వుతూనే గుండుసూదితో చిల్లులు గీకాడు. మోడెమ్ కీచుమంది, లైను కలిసింది.

"చూసిన్రా, దేవుడు విన్నడు!"

"దేవుడు పొద్దున్నే విన్నడు. ఆఫీసే ఇప్పుడు విన్నది. నడు, చీర మార్చుకో."