సూదిమందుకు తెలియని ఒక్కపొద్దు

శనివారం మధ్యాహ్నం శెనక్కాయలు వలుస్తున్న మామ చేతులు వణకడం చూసి హేమావతి చేట పక్కన పెట్టింది. ఆయన చొక్కా చెమటకు తడిసి ముద్దయింది.

"మామా, పొద్దున ఇన్సులిన్ సూది ఏసుకున్యావా?"

"ఏసుకున్యా. ఒక్కదినం గూడా తప్పలే."

"మరి సంగటి తిన్యావా?"

"ఈ పొద్దు ఒక్కపొద్దు కదమ్మా. పొద్దు మునిగినంక తింటా."

ఆమె లోపలికి ఉరికి గ్లాసులో బెల్లం నీళ్లు కలిపి తెచ్చింది.

"ఎంత పని చేసినావు మామా! తినకుంటే, ఒంట్లో ఊరే ఇన్సులిన్ దానంతట అదే తగ్గుతాది. సూదిలో పోయినదానికి నీ ఒక్కపొద్దు యాడ తెలుస్తాది? నెత్తుట్లో ఉండే చక్కెరనంతా లాగేస్తాండాది. ఈ బెల్లం నీళ్లు తాగు."

"వద్దు. కదిరి నరసింహసామికి మొక్కుకున్యా."

"ముందు వేలియ్యి."

ఆమె వేలు పొడిచి, షుగరు చూసే మిషనుకు నెత్తురు చుక్క అంటించింది.

"ఏమని మొక్కుకున్యావు మామా?"

"ఏమనేదేముంది? షుగరు తగ్గాలని."

హేమావతి మిషను ఆయన కళ్లకు ఎదురుగా పట్టుకుంది.

"నలభై ఎనిమిది. తగ్గింది మామా. ఇంకా తగ్గితే నువ్వు మాకు దక్కవు. నోరు తెరువు."