సేపలోళ్ళ వంపు

కుర్చీ వద్దు బాబూ, కూకుంటే ఈ సెక్‌పోస్టులోంచి నాకు రోడ్డు కనపడదు. టీ కూడా వద్దు. పొద్దున్నించి మొత్తుకుంటన్నాను, కొండమీద పాడేరు పోలీసు టేసన్‌కి ఓపాలి ఫోన్ కొట్టండీ అని. మీరేమో "కంగారు పడకు పెద్దాయనా" అంటారు. కంగారు కాదు బాబూ, భయం!

ఓ ఆడపిల్ల సైకిల్ మీద ఈ ఘాటీ దిగుద్ది. ముందు సక్రానికి రెండేపులా పసుపు సంచులుంటాయి. ఆపీండి, దించీండి. అంతకన్నా నానేటీ అడగను.

నానా? తాతబ్బాయినండి. అనకాపల్లి బెల్లం మార్కెట్టు రోడ్డులో సైకిల్ మేస్త్రీని. నలభై ఏళ్ళ సెయ్యి. ఆ పిల్ల హాసిని, అచ్యుతాపురం కంపెనీలో ఉజ్జోగం. సెలవెట్టి సైకిలేసుకుని కొండలు తిరుగుతాదంట. సోమారం నాడు మా కొట్టు ముందే కుక్క అడ్డొచ్చి డివైడర్ని గుద్దేసింది. సక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్ళు ఎనక్కి ఒంగిపోయాయి. "ఇది సరవుద్దా సార్?" అంది. సార్ అంది బాబూ! మా రోడ్డులో నన్నెవుడు సారన్నాడు?

అవ్వదేటి? గొట్టం దూర్చి, కాలెట్టి లాగితే ఇనుము మాట ఇనకుండా పోద్దా! లాగేను. అక్కడితో ఆగితే బాగుణ్ణు.

మా కాడ సేపలోళ్ళ వంపని ఒకటుంది. సేపలమ్మే రాంబిల్లోళ్ళు సైకిల్ ముందు గంప కట్టుకుంటారు గదా, ఆ బరువుకి హేండిల్ తిరగదు. నాను ఫోర్కుని ఒక్క ఏలెడు ముందుకి ఒంచుతాను. సందుల్లో హేండిల్ పూలదండలాగ తిరుగుద్ది. ఈ పిల్లకీ ముందే సంచులాయె. దానికీ అదే వంపెట్టేను.

ఏటి? మంచిదే గదా అంటారేటి? ఇనండి. హేండిల్ రాడ్డు వాలునే కిందికి గీత గీసేరనుకోండి, అది సక్రం నేలకి ఆనే సోటుకి కొంచెం ముందు పడాల. ఆ మద్దిన జాగా ఉంటేనే సక్రం ఆవు ఎనక దూడలాగ బుద్దిగా వత్తాది. వంపు పెంచితే ఆ జాగా తగ్గిపోద్ది. మెల్లగా ఎల్తే సుకమే. సేపలోళ్ళు జోరుగా ఎల్లరు గదా! మరి ఘాటీలో? జోరు మీద ఆ హేండిల్ ఒణుకుద్ది బాబూ. బ్రేకేస్తే ఇంకా ఒణుకుద్ది.

అది ఒక్కటే అయితే ఇంత దూరం వత్తునా? నిన్న సాయంత్రం సింహాచలం వచ్చేడు, సేపలమ్ముకునేవోడు. సైకిల్ బుజానేసుకుని వచ్చేడు. సోమారమే, అదే గొట్టంతోటి, ఆడిదీ ఒంచేను. "మావా, ఇదేటో సూడు" అన్నాడు. ఫోర్కు మెడ కాడ ఎంటిక మందం బీట! దాన్ని సూసేసరికి ఆ పిల్ల ఫోర్కే గుర్తొచ్చింది.

ఆ పిల్లకి ఎన్నిసార్లు ఫోన్ కొట్టేనో! సిచ్ఛాఫ్. అందుకే తొలి బస్సెక్కి వచ్చేను. ఇవాళే ఈ ఘాటీ దిగుతానని సోమారమే సెప్పింది మరి.

ఏదో వత్తంది. ఆ మలుపు కాడ, జీపు. లైట్లేసుకుని వత్తాడేటి ఈ ఎండలో?

పైన సైకిలు కట్టేడు.

పసుపు సంచి... ఒకటే ఉంది. సక్రం ఏదీ? ముందు సక్రం ఏదీ బాబూ?

లెగండి, మీరెల్లండి. ఆగండాగండి, ఒక్క మాట. ఇది ఇప్పుడు సెప్పకపోతే ఇంకెప్పుడూ సెప్పలేను.

నాకు ముందే తెలుసు. సింహాచలం రాకముందే తెలుసు. సోమారం నాడు ఆ సైకిలెక్కి మా రోడ్డు సివరి దాకా తొక్కేను. ఒణికింది. నా సేతుల్లోనే ఒణికింది. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల సెల్లు ఎత్తి ఈడియో తీత్తంది. "ఎలా ఉంది సార్?" అంది. చుట్టూ పది మంది మూగేరు. నలభై ఏళ్ళ మేస్త్రీని, తప్పు సేసేనమ్మా అని ఎలాగంటాను?

"ఎన్నపూసలాగుంది తల్లీ, ఎల్లిరా" అన్నాను. నవ్వేను కూడా. ఆ ఈడియోలో ఉంటాది, సూడండి.

జీపాగింది. లోపలెవులున్నారో మీరే సూసి రండి బాబూ. ఆ కుర్చీ ఇలాగియ్యండి.