మర్చిపోయాడంట

పెదపాడు దగ్గర ఓ ఇంటి అరుగు మీద మామ కూర్చుని ఉన్నాడు. గణపవరం నుంచి బండి మీద వచ్చిన అల్లుడు మంచినీళ్లు కూడా తాగకుండా మొదలుపెట్టాడు.

"రేపు మీటింగుకొచ్చి స్టేజీ మీద కూర్చోండి మావయ్యగారూ. జైల్లో ఉన్న మా ఊరి మాజీ ప్రెసిడెంటు గారికి క్షమాభిక్ష పెట్టమని గవర్నరు గారికి అర్జీ పెడతన్నాం."

"మధ్యలో నేనెందుకండీ అల్లుడుగారూ?"

"ఆయన జైలుకెళ్లింది మీ అబ్బాయి మీద అబద్ధం చెప్పినందుకే గదండీ. మీరే సరేనంటే ఇంకెవరూ కాదనరు."

"గుర్తుందన్నమాట! కాలవ కాపలా లస్కరు మావోడు, గండి పడతందని ఆయనకి ఫోన్ చేస్తే, చెయ్యలేదని కోర్టులో ప్రమాణం చేసి మరీ చెప్పాడు. లస్కరు తాగి పడుకున్నాడన్నాడు. గొడ్లు కొట్టుకుపోయినోళ్లు మా గుమ్మంలో ఉమ్మేసి పోయారు. మీరూ మా గడప తొక్కడం మానేశారు."

"పార్టీలో తిరిగేవోణ్ణి గదండీ... ఇప్పుడాయనకి షుగరు, మనిషి సగమైపోయాడు. ఇంకా కోపమెందుకండీ?"

"సరే. అబద్ధమాడానని అర్జీలో రాశాడా?"

"అలా ఎలా రాస్తారండీ! ఫోన్ సంగతి మర్చిపోయానని రాశారు."

"మర్చిపోయాడా! మావోడు తాగాడన్నది కూడా మర్చిపోయే చెప్పాడా? క్షమించమని అడిగే కాయితంలో కూడా అబద్ధమేనా అండీ?"

"అరవకండి, వీధిలో వింటన్నారు."

"విననివ్వండి! మావోడు కాలవ లాకుల కాడ డ్యూటీలో ఉన్నాడు. ఈ మర్చిపోయిన మాటేదో వాడి మొహం మీద చెప్పి రండి. వాడు ఊఁ అంటే నేనొచ్చి స్టేజీ ఎక్కుతా."

అల్లుడు బండి స్టార్ట్ చేశాడు. లాకుల వైపు కాదు, గణపవరం వైపు తిప్పాడు.